అమెరికాలో విమానము నడపుటకు పౌరసత్వము కావలెనా?

ఆడపిల్ల విమానము నడపుట వింత అనుకొను కాలము గడచిపోయినది. ఇప్పుడు మన యిండ్లలో వినవచ్చు ప్రశ్న వేరు. "మా మనుమరాలు అమెరికాలో పెరుగుచున్నది. దానికి ఆ దేశపు పౌరసత్వము లేదు. విమానము నడపు విద్య నేర్చుకొందునని పట్టుపట్టినది. ఇంత ధనము పోసి నేర్పించిన పిమ్మట, నీవు పరదేశస్థురాలవు పొమ్మని కంపెనీవారు త్రిప్పి పంపినచో మా గతి యేమి?" ఇట్లు అడుగు పెద్దలు నేడు పలువురున్నారు.

చార్మినారునకు దక్షిణముగా, ఫలక్‌నుమా పోవు రైలుదారి ప్రక్కనున్న మా ఉప్పుగూడ పెద్ద భాగ్యవంతుల పేట కాదు. ఇరుకు సందులు, చిన్న యిండ్లు, చిన్న ఉద్యోగములు. అయినను ఈ సందులలోని బిడ్డలు కొందరు నేడు చికాగో, డల్లాసు, హ్యూస్టను పట్టణములలో కాపురమున్నారు. ఆషాఢమాసమున బోనముల పండుగనాటికి అక్కడి బడులకు సెలవులగుటచే, పిల్లలను వెంటబెట్టుకొని వత్తురు. ఆ పిల్లలలో కొందరు పుట్టినది ఇక్కడ, పెరిగినది అక్కడ. మాట అమెరికా మాట, పాస్‌పోర్టు భారతదేశపు పాస్‌పోర్టు. ఇట్టి పిల్లలకు, ఇట్టి పిల్లల తల్లులకు, అచ్చటికి కోడలుగా పోవు యువతులకు ఉపయోగపడునట్లుగా ఈ విషయమును కొంత విపులముగా వ్రాయ సంకల్పించితిని.

ఒక్క మాటలో చెప్పవలెనన్న, విమానము నడపు లైసెన్సునకు అమెరికాలో పౌరసత్వము అక్కరలేదు. కాని లైసెన్సు వేరు, ఉద్యోగము వేరు. ఈ రెంటికిని నడుమ "పని చేయుటకు అనుమతి" అను మూడవది యొకటి కలదు. తల్లిదండ్రులు ఈ మూడవదానిని మరచి మొదటిదానికి ధనము పోయుటవలననే పెక్కు చిక్కులు కలుగుచున్నవి.

హైదరాబాదు చూపిన త్రోవ

లైసెన్సు చేతనున్నంతమాత్రమున ఉద్యోగము రాదనుటకు మన పట్టణపు చరిత్రలోనే మంచి నిదర్శనము కలదు. ప్రేమ్ మాథుర్ అను యువతి అలహాబాదులో విమానవిద్య నేర్చి, 1947లో వాణిజ్య విమానములు నడపు లైసెన్సు పొందెను. భారతదేశమున ఆ లైసెన్సు పొందిన మొదటి స్త్రీ ఆమెయే. అయినను ఎనిమిది కంపెనీలవారు ఆమెను స్త్రీయను కారణముచేత కాదనిరి. చివరకు చేర్చుకొన్నవారు హైదరాబాదులోని డక్కన్ ఎయిర్‌వేస్ కంపెనీవారు. నిజాం ప్రభుత్వమును టాటా సంస్థయు కలసి స్థాపించిన ఆ కంపెనీ విమానములు బేగంపేట నుండి ఎగురుచుండెడివి. ఆ సంవత్సరము హైదరాబాదు ఇంకను భారతదేశమున చేరలేదు. 1948 సెప్టెంబరు వరకు ఇది వేరు రాజ్యము. అనగా బ్రిటిషిండియాలో విద్య నేర్చిన పిల్లకు నిజాం రాజ్యమునందలి కంపెనీ ఉద్యోగ మిచ్చినదన్నమాట. ఆమె అక్కడ సహచోదకురాలిగా పనిచేసి, కొంతకాలమునకు ఆ కొలువు విడిచి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో ప్రవేశించెను.

అదే కాలమున అమెరికా యెట్లుండెనో చూడుడు. 1934లో హెలెన్ రిచీ అను నామెను సెంట్రల్ ఎయిర్‌లైన్స్ అను కంపెనీ చోదకురాలిగా చేర్చుకొనెను గాని, పైలట్ల సంఘమువారు స్త్రీని తమలో చేర్చుకొనమనుటచే ఆమె మరుసటి సంవత్సరమే మానుకొనవలసి వచ్చెను. పిమ్మట పెద్ద ప్రయాణికుల కంపెనీలో స్థిరమైన ఉద్యోగము స్త్రీకి దొరకుట 1973లో, ఫ్రాంటియర్ కంపెనీవారు ఎమిలీ హోవెల్ అను నామెను తీసికొన్నప్పుడే. హైదరాబాదు 1947లో చేసిన పనిని అమెరికా నిలుకడగా చేయుటకు మరి యిరువదియారేండ్లు పట్టెను. నేటికిని భారతదేశపు చోదకులలో స్త్రీలు నూటికి సుమారు పదునైదుగురు కాగా, అమెరికాలో నూటికి సుమారు అయిదుగురే.

ఇక మన పాతనగరమునకు వత్తము. సయ్యదా సల్వా ఫాతిమా గారి పేరు మీలో చాలమంది వినియుందురు. రొట్టెల కార్ఖానాలో పనిచేయువాని కూతురు. ఆమె కోరిక తెలిసికొని సియాసత్ పత్రికాధిపతి జాహిద్ అలీ ఖాన్ గారు ఇక్కడనే విమానవిద్యాలయమున చేర్పించి చదువు చెప్పించిరి. తరువాత పెద్ద విమానము నడపుటకు కావలసిన శిక్షణకు తెలంగాణ ప్రభుత్వము ధనసహాయము చేసెను. నేడామె తలపై ముసుగు తీయకయే పెద్ద విమానములు నడపు చోదకురాలు. పేదరికముగాని, పేటగాని, ఆచారముగాని ఆమెకు అడ్డు కాలేదు. కాని ఒక సంగతి గమనింపవలెను. ఆమె భారతపౌరురాలు, ఇక్కడ పని చేయు హక్కు ఆమెకు పుట్టుకతో వచ్చినది. అమెరికాకు పోవు పిల్లలకు లేనిది అదియే.

లైసెన్సునకు కావలసినవి

అమెరికాలో విమానచోదకులకు లైసెన్సు ఇచ్చునది ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ అను ప్రభుత్వ శాఖ. వారు అడుగునవి వయస్సు, ఆరోగ్యము, ఇంగ్లీషు భాష, పరీక్షలు, గాలిలో నడపిన గంటలు. ఏ దేశపు పౌరురాలవని అడిగి లైసెన్సు నిరాకరింపరు.

మొదటిది సొంతమునకు నడపుకొను ప్రైవేటు లైసెన్సు. పదునేడేండ్లు నిండవలెను, కనీసము 40 గంటలు నడపియుండవలెను. రెండవది కూలి తీసికొని నడపుటకు కమర్షియల్ లైసెన్సు. పదునెనిమిదేండ్లు, సాధారణముగా 250 గంటలు. మూడవది ప్రయాణికుల పెద్ద విమానములకు కావలసిన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్టు లైసెన్సు. దీనికి ఇరువదిమూడేండ్లు, 1500 గంటలు కావలెను. కొంత పరిమితిగల ఇదే లైసెన్సును సహచోదకులకు ఇరువదియొకటవ యేటనే యిత్తురు; విమానవిద్యలో డిగ్రీ పొందినవారికి 1000 గంటలు చాలును.

ఈ 1500 గంటల నియమము వచ్చుటకు కారణము కలదు. 2009 ఫిబ్రవరిలో బఫెలో పట్టణము దగ్గర కోల్గన్ కంపెనీ విమానము కూలి యాబదిమంది మరణించిరి. పిమ్మట 2010లో ఆ దేశపు శాసనసభ చట్టము చేయగా, 2013 నుండి సహచోదకులకు గూడ ఈ పెద్ద లైసెన్సు తప్పనిసరి యయ్యెను. మన దేశమున 200 గంటలతో కమర్షియల్ లైసెన్సు పొందినవారు కంపెనీలో సహచోదకులుగా చేరవచ్చును. అమెరికాలో అట్లు కాదు. ఈ భేదమును గుర్తుంచుకొనుడు. దీని ఫలము ముందు తెలియును.

కంటికి అద్దములున్న పిల్ల పనికిరాదని కొందరు భయపడుదురు. అద్దములతో చూపు సరిగా నున్నచో బాధలేదు. ధనము కట్టుటకు ముందే వారు నియమించిన వైద్యునిచేత మొదటి తరగతి పరీక్ష చేయించుట మేలు.

2001 సెప్టెంబరు 11వ తేదీ ఘోరము తరువాత మరియొక నియమము వచ్చెను. పౌరులు కానివారు విమానవిద్య ప్రారంభించుటకు ముందు ట్రాన్స్‌పోర్టేషన్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ అను శాఖవారికి వ్రేలిముద్రలిచ్చి, రుసుము కట్టి, అనుమతి పొందవలెను. గ్రీన్ కార్డు గలవారును ఇందులో పరదేశస్థులే. ఇది అవమానమని తలపక, ఓపికతో ముగించుకొనవలసిన పని.

ముల్కీ, గైర్‌ముల్కీ

పనిచేయు అనుమతి యన నేమో మన తెలంగాణపు పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. 1919లో నిజాం ప్రభువు ఒక ఫర్మానా జారీచేసెను. సర్కారు కొలువులు ముల్కీలకే, అనగా ఈ రాజ్యమున పుట్టినవారికి గాని, పదునైదేండ్లు స్థిరముగా కాపురమున్నవారికి గాని ఇయ్యవలెనని దాని యర్థము. పైనుండి వచ్చినవాడు ఎంత చదివినను గైర్‌ముల్కీయే. ముల్కీ సర్టిఫికెట్టు కొరకు మన తాతలు కచేరీల చుట్టు తిరిగిన కథలు ఇంటింట గలవు.

అమెరికా నియమమును ఈ పోలికతో సులభముగా గ్రహింపవచ్చును. ఆ దేశపు సైన్యములో అధికారిగా నియమింపబడి విమానము నడపవలెనన్న పౌరసత్వము కావలెను. ప్రభుత్వ రహస్యములతో సంబంధించిన ఎగురుటలకును ప్రాయికముగా అంతే. కాని ప్రయాణికులను చేరవేయు కంపెనీలు సర్కారు కొలువులు కావు. ఆ కంపెనీ అమెరికనులదై యుండవలెనని చట్టము కలదు. ఓటు హక్కుగల వాటాలలో నూటికి డెబ్బదియైదు వారివై యుండవలెను. చోదకుడు అమెరికనుడై యుండవలెనను చట్టము లేదు.

అయితే 1986 నాటి చట్టము ప్రకారము, ఏ కంపెనీగాని తాను చేర్చుకొను ప్రతి మనిషికి ఆ దేశమున పని చేయు హక్కు కలదో లేదో కాగితములు చూచి నిర్ణయించుకొనవలెను. కావున ప్రశ్న పౌరసత్వమును గూర్చినది గాక, చేతిలోనున్న కాగితమును గూర్చినదగును. ఆ కాగితములను వరుసగా చూతము.

గ్రీన్ కార్డు గలవారు

గ్రీన్ కార్డు గలవారిని శాశ్వతనివాసులందురు. వీరు ఎవరి దయయు అక్కరలేక ఏ కంపెనీలోనైన పని చేయవచ్చును. పెద్ద విమాన కంపెనీల ప్రకటనలలో సాధారణముగా కనబడునవి రెండు మాటలు: అమెరికాలో పని చేయు హక్కు ఉండవలెను, తాము విమానములు నడపు దేశములకు పోయి తిరిగి రాగల పాస్‌పోర్టు ఉండవలెను. గ్రీన్ కార్డు మొదటిదానిని తీర్చును. రెండవదానికి భారతీయ పాస్‌పోర్టు గలవారు కొన్ని దేశముల వీసాల కొరకు ముందుగా శ్రమపడవలసి రావచ్చును. ఇవి గాక, విమానాశ్రయమున లోపలికి పోవుటకు నేరచరిత్ర విచారణ, వెనుకటి పదేండ్ల ఉద్యోగముల విచారణ అందరికిని సమానమే.

1986 నాటి చట్టములోనే మరియొక మేలు గలదు. నీవు పౌరురాలవు కావను నొక్క కారణముచేత గ్రీన్ కార్డు గలదానిని ఉద్యోగమునకు కాదనుట సాధారణముగా చట్టవిరుద్ధము. అయితే ఈ రక్షణకు గడువు కలదు. గ్రీన్ కార్డు వచ్చిన పిమ్మట సాధారణముగా అయిదేండ్లకు, పౌరుని భార్యగా కలసి జీవించుచున్నచో మూడేండ్లకు, పౌరసత్వమునకు దరఖాస్తు చేయు హక్కు కలుగును. ఆ హక్కు కలిగిన ఆరునెలలలో దరఖాస్తు చేయనివారికి ఈ ప్రత్యేక రక్షణ పోవును. పని చేయు హక్కు పోదు. కంపెనీ అన్యాయము చేసినప్పుడు ఈ చట్టముక్రింద ఫిర్యాదు చేయు అవకాశము మాత్రము తగ్గును. ఈ సూక్ష్మము తెలియనివారు పెక్కుమంది.

పౌరసత్వము తీసికొనుటయు చులకన పని కాదు. మన చట్టము రెండు పౌరసత్వములను ఒప్పదు. అమెరికా పౌరురాలైన నాడే భారతపౌరసత్వము పోవును. తరువాత ఓసీఐ కార్డు తీసికొని వచ్చిపోవచ్చును గాని ఓటు ఉండదు. ఇది పిల్ల తన మనస్సుతో తేల్చుకొనవలసిన విషయము.

భార్యలుగా పోవు యువతులు

పౌరుని పెండ్లాడి పోవు యువతికి సంఖ్యాపరిమితి లేకుండ గ్రీన్ కార్డు దొరకును. పెండ్లియై రెండేండ్లు నిండనిచో మొదట రెండేండ్ల షరతు గల కార్డు ఇత్తురు. ఆ కార్డుతోను పని చేయు హక్కు సంపూర్ణముగా నుండును.

భర్త హెచ్-1బీ అను తాత్కాలిక ఉద్యోగపు వీసాపై నున్నచో భార్యకు హెచ్-4 అను వీసా వచ్చును. దానితో చదువుకొనవచ్చును, పని చేయరాదు. 2015 నుండి మాత్రము, భర్త గ్రీన్ కార్డు అర్జీలో ఒక మెట్టు దాటినచో, భార్య పని అనుమతిపత్రము పొందవచ్చును. ఆ పత్రము గలామె విమానము నడపుటకు చట్టము అడ్డురాదు. కాని దానికి గడువు కలదు. గడువు తీరినప్పుడెల్ల క్రొత్తపరచుకొనవలెను. పైన చెప్పిన రక్షణ దీనికి వర్తింపదు. మూడు నెలలు శిక్షణ యిచ్చి పెద్ద విమానమును అప్పగింపబోవు కంపెనీ, రేపు పత్రము తీరిపోవునేమోయని వెనుదీయవచ్చును.

విద్యార్థినులుగా పోవువారు

ఎక్కువ నష్టము కలుగుచున్నది ఇచ్చటనే. మన పట్టణమునుండి కొందరు పిల్లలు విమానవిద్య కొరకే విద్యార్థి వీసాపై అమెరికా పోవుచున్నారు. అక్కడ మొదటినుండి కమర్షియల్ లైసెన్సు వరకు నేర్చుటకు సుమారు లక్ష డాలర్లగును. ఇల్లు కుదువబెట్టి, నగలమ్మి కట్టినవారును కలరు. లైసెన్సు వచ్చును. తరువాతనో?

ఎం-1 అను వృత్తివిద్య వీసాపై పోయినవారికి చదువైన పిమ్మట అభ్యాసము కొరకు దొరకు కాలము ఆరునెలలకు మించదు. ఎఫ్-1 అను కళాశాల వీసాపై పోయినవారికి సాధారణముగా పండ్రెండు నెలలు. ఆ యేడాది ఫ్లయింగ్ స్కూలులో శిక్షకురాలిగా పనిచేసి గంటలు కూర్చుకొందమని పిల్లలు చెప్పుదురు. లెక్క వేసి చూడుడు. చేతిలో 250 గంటలు. నెలకు 80 గంటలు దొరకినను పండ్రెండు నెలలకు 960. మొత్తము 1210. పెద్ద లైసెన్సునకు ఇంకను 290 గంటలు కొరత. అనుమతి మాత్రము తీరిపోవును. విమానవిద్యలో డిగ్రీ చేసినవారికి వేయి గంటలు చాలును గనుక గంటలు నిండవచ్చును. కాని గంటలు నిండునాటికి పని చేయు కాగితపు గడువు చాలవరకు గడచియుండును.

ఆ మీదట కంపెనీ హెచ్-1బీ వీసా తెప్పించునని ఆశపడుదురు. ఆ వీసా ఒక నిర్ణీత విషయములో డిగ్రీ లేనిదే చేయరాని పనులకే ఏర్పడినది. విమానము నడపు పనికి చట్టము డిగ్రీ కోరదు. డెల్టా కంపెనీవారు డిగ్రీ తప్పనిసరి యను తమ నియమమును 2022లో తీసివేసిరి. కంప్యూటరు పనివారికి దొరకినట్లు చోదకులకు ఈ వీసా దొరకకపోవుటకు కారణమిదియే. ఆస్ట్రేలియా దేశస్థులకు 2005 నుండి ఈ-3 అను ప్రత్యేక వీసా ఉన్నది; దానితో కొందరు ఆస్ట్రేలియా చోదకులు అమెరికా చిన్న కంపెనీలలో చేరిరి. మనకట్టి యొడంబడిక లేదు.

అట్లని ఆ లైసెన్సు వ్యర్థము కాదు. మన దేశమునకు వచ్చి, ఇక్కడి డైరెక్టరేటు జనరల్ ఆఫ్ సివిల్ ఏవియేషన్ వారు పెట్టు పరీక్షలు, వైద్యపరీక్ష, ఎగురు పరీక్ష నెగ్గి, దానిని భారతీయ లైసెన్సుగా మార్చుకొనవచ్చును. ఇక్కడ 1500 గంటల నియమము లేదు గనుక సహచోదకురాలిగా చేరుటకు మార్గముండును. అమెరికాకు విద్యకు పోవు పిల్ల, తిరిగి వచ్చి మన దేశమున ఉద్యోగము చేయుదునను నిశ్చయముతో పోవలెను. అక్కడనే ఉండిపోవుదునని ఆశపెట్టుకొని పోవుట మాత్రము జూదము.

ఇరువదియొకటవ పుట్టినరోజు

అన్నిటికంటె హృదయమును కలచునది తల్లిదండ్రుల వెంట చిన్నప్పుడే అమెరికా పోయిన పిల్లల సంగతి. తండ్రి హెచ్-1బీపై నుండును. గ్రీన్ కార్డునకు అర్జీ పెట్టియుండును. కాని 1990 నాటి చట్టము ప్రకారము ఏడాదికి ఉద్యోగముల మూలమున ఇచ్చు గ్రీన్ కార్డులు సుమారు లక్షా నలువదివేలు. అందులో ఏ యొక్క దేశమున పుట్టినవారికిని సాధారణముగా నూటికి ఏడింటికి మించి దొరకవు. చిన్న దేశమునకును మన దేశమునకును అదే కొలత. అందుచే మనవారి వరుస ఏండ్ల తరబడి కదలదు.

పిల్లకు ఇరువదియొకటవ యేడు నిండగానే ఆమె తండ్రి వీసానీడ నుండి తొలగిపోవును. 2002లో చేసిన చట్టమొకటి కొందరి వయస్సును లెక్కలో కొంత తగ్గించును గాని, దానితో అందరికిని గట్టెక్కదు. విద్యార్థి వీసాకు మారవలెను, లేదా దేశము విడువవలెను. ఇప్పుడు రెండు నియమములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ప్రయాణికుల విమానములో సహచోదకురాలిగా కూర్చుండుటకు కనీసము ఇరువదియొక్క యేండ్లు నిండవలెను. తల్లిదండ్రుల నీడ తొలగిపోవునదియు ఇరువదియొకటవ యేటనే. ఒక తలుపు తెరచుకొను దినమున మరియొక తలుపు మూసికొనును.

అంతకు ముందును చిక్కే. హెచ్-4 పిల్లలు విమానవిద్య నేర్చుకొనవచ్చును; లైసెన్సులు పొందవచ్చును. కాని కూలి తీసికొని పనిచేయరాదు. తోటి పిల్లలు శిక్షకులై, జీతము తీసికొనుచు గంటలు కూర్చుకొందురు. ఈ పిల్ల ప్రతి గంటకును తానే బాడుగ చెల్లించి ఎగురవలెను. కావున హెచ్-4 పిల్ల విమానము నడపెదనన్నప్పుడు తల్లి మొదట అడుగవలసినది ఫ్లయింగ్ స్కూలు వారిని కాదు, తన భర్తను. గ్రీన్ కార్డు వరుసలో మన తేదీ యేది? పిల్లకు ఇరువదియొకటి నిండులోపల అది వచ్చునా? రాదని తోచినచో ముందుగా ప్రైవేటు లైసెన్సుతో తృప్తిపడి, వేరొక చదువుగూడ చదివించుట వివేకము.

జీతము, అదృష్టము

అందరిని ఆకర్షించునది జీతము. అమెరికా కార్మికశాఖవారి లెక్క ప్రకారము 2023 మే నెలలో ప్రయాణికుల విమానములు నడపు చోదకుల నడిమి సంవత్సరజీతము సుమారు 2,19,000 డాలర్లు. నడిమి యనగా సగముమందికి అంతకంటె ఎక్కువ, సగముమందికి తక్కువ. అది ఏండ్ల అనుభవము గలవారితో కలిపి చూచిన లెక్క. క్రొత్తగా చేరిన పిల్లకు అంత రాదు. ఒకటి మాత్రము మెచ్చుకొనదగినది. అక్కడి పెద్ద కంపెనీలలో జీతము సంఘమువారి ఒప్పందమును బట్టి, చేరిన తేదీవరుసను బట్టి నడచును. ఒకే విమానము, ఒకే హోదా, ఒకే సర్వీసు గల స్త్రీపురుషులకు జీతపురేటు ఒక్కటే. పౌరురాలికిని గ్రీన్ కార్డు గలామెకును భేదముండదు.

ఉద్యోగములు దొరకుట యెల్లప్పుడు ఒకే తీరున నుండదు. 2020లో కరోనా వచ్చి ఆకాశమే నిర్మానుష్యమయ్యెను. వేలకొలది చోదకులు ముందుగానే ఉద్యోగవిరమణ చేసిరి. 2022లో పెద్ద కంపెనీలు పదివేలమందికి పైగా క్రొత్తవారిని చేర్చుకొనెను. 2024లో వేగము తగ్గెను. క్రొత్త విమానములు సకాలమున అందక యునైటెడ్ కంపెనీ కొంతకాలము నియామకములు నిలిపెను. విద్య ప్రారంభించిననాటి గాలి, విద్య ముగియునాటికి ఉండకపోవచ్చును. పౌరురాలికి గాలి మారువరకు వేచియుండు వ్యవధి కలదు. వీసా గడువుపై నున్న పిల్లకు ఆ వ్యవధి లేదు. చెడుకాలము వచ్చినప్పుడు మొదట దెబ్బతినునది ఆమెయే.

తల్లులు విచారింపవలసినవి

సోదరీమణులారా! ఇంటిలో ఎవరైన పిల్ల ఈ విద్య కోరినప్పుడు వెక్కిరింపకుడు, వెంటనే ధనమును కట్టకుడు. ఈ ప్రశ్నలకు జవాబులు వ్రాసికొనుడు.

పిల్ల చేతిలో నేడున్న కాగితమేది? అది పని చేయనిచ్చునా, చదువనిచ్చుట మాత్రమేనా? దాని గడువు ఎన్నడు తీరును? 1500 గంటలు నిండుటకు ఎన్నియేండ్లు పట్టును, అంతవరకు ఆ కాగితము నిలుచునా? అక్కడ ఉద్యోగము రానిచో ఆ లైసెన్సును మన దేశమున మార్చుకొనుటకు ధనము, ఓపిక మిగిలియుండునా? స్కూలువారు ఉద్యోగము తప్పక దొరకునని చెప్పినచో, ఆ మాటను కాగితముపై వ్రాసి యిత్తురా?

ఈ చివరి ప్రశ్నకు పెక్కుచోట్ల మౌనమే జవాబగును. ఆ మౌనమే మీకు బుద్ధి చెప్పును. వీసా సంగతులను దళారులవలన విని నమ్మక, ఆ దేశమున లైసెన్సు గల వలసచట్టపు వకీలునకు ఒక్కసారి రుసుమిచ్చి అడుగుట, లక్ష డాలర్లతో పోల్చిన స్వల్పము. చట్టములు మారుచుండును గనుక చేరునాటి నియమమును చేరునాడే తెలిసికొనవలెను.

గ్రీన్ కార్డు గల పిల్లను మాత్రము పౌరురాలవు కావని భయపెట్టి ఇంట కూర్చుండబెట్టకుడు. ఆమెకు తలుపు తెరచియే యున్నది. విద్యార్థినిగా పోగోరు పిల్లకు, మన దేశపు విమానములును విమానములే యని నచ్చజెప్పుడు. స్త్రీలు చోదకులగుటలో మన దేశము అమెరికాకంటె ముందున్నది గనుక, ఇక్కడ నుండిపోవుట తక్కువతనము కాదు. హెచ్-4 పిల్లకు నిజము దాచక చెప్పుడు. ఇరువదియొకటవ యేట హఠాత్తుగా తెలిసికొనుటకంటె, పదునారవ యేట తెలిసికొని త్రోవ నిర్ణయించుకొనుట మేలు.

ఎనిమిది కంపెనీలు కాదన్న పిమ్మట తొమ్మిదవ తలుపు తట్టిన ప్రేమ్ మాథుర్ ధైర్యము మన పిల్లలకు కావలెను. ఏ తలుపు ఎవరికి తెరచుకొనునో ముందుగా విచారించు జాగ్రత్త మాత్రము పెద్దలది. ఈ రెండును ఒక యింట కూడినప్పుడు ఆ యింటి ధనమునకును, ఆ పిల్ల కోరికకును చేటు రాదు.